పన్నెండో బండి

తుప్పయితే గోటితో గీకితే పొడిగా రాలుతుంది, రంగయితే రాలదు, ఇది రాలడం లేదు, అంటే ఎవరో తుప్పు మీదే రంగు కొట్టి ఉండాలి, లేదా ఇనుము నిజంగానే బాగుండి ఉండాలి, రెండోది నమ్మడానికి నాకు మనసొప్పడం లేదు, పదకొండు బండ్లు చూశాక నమ్మకం అనేది చెప్పు అడుగులా అరిగిపోతుంది, అందుకే జేబులోంచి చిన్న సుత్తి తీసి చాసీ మీద జానెడుకొక దెబ్బ చొప్పున కొట్టుకుంటూ వెనక్కి పాకుతున్నాను, బాగున్న ఇనుము గంటలా మోగుతుంది, లోపల తినేసిన ఇనుము చెక్కలా పలుకుతుంది, వీపు కింద సిమెంటు నేల చల్లగా ఉందని తెలుస్తోంది, తెలుస్తోంది అంతే, చల్లగా అనిపించడం లేదు, ఈ రెండింటికీ తేడా ఉందని డాక్టరుకు చెప్పబోతే ఆయన రాసుకుంటూ తలెత్తలేదు, ఎప్పటినుంచి ఇలా అని అడిగాడు, నేను ఆలోచిస్తుండగానే పక్క కుర్చీలోంచి మా ఆవిడ రెండేళ్ళు అంది, కాసేపాగి రెండేళ్ళ నాలుగు నెలలు అని దిద్దింది, ఠంగ్, ఠంగ్, ఇక్కడా మోగింది, ఏమయ్యా, కింద నిద్రగానీ పోయావా, అంటోంది గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్న ముసలావిడ, ఈ బండి అమ్ముతున్న టైల్స్ మేస్త్రీకి తల్లి, లేదు పెద్దమ్మా, చూస్తున్నాను అన్నాను, గంట నుంచీ చూస్తూనే ఉన్నావు, ఇంకా నయం, నోరు తెరిపించి దాని పళ్ళు లెక్కపెట్టలేదు, అంది, నువ్వూరుకో అమ్మా అన్నాడు మేస్త్రీ, ఇది నవ్వాల్సిన చోటని తెలిసి నేను నవ్వాను, బండి కింద ఉన్నవాడి నవ్వు ఎవరికీ కనబడదని తర్వాత తట్టింది.

మళ్ళీ పాకి బయటికొచ్చి చొక్కా దులుపుకుంటుంటే మేస్త్రీ, ఏం సార్, బాగుందా, అన్నాడు, చూడాలి అన్నాను, ఇప్పటిదాకా చూసిందేమిటి అని ముసలావిడ గొణిగింది, వీళ్ళకు ఎలా చెప్పాలి, నాకు కావలసింది సరుకు మోసే బండి కాదు, గదిని మోసే బండి, మా పెరట్లో నాలుగు ఇనప కాళ్ళ మీద ఒక గది నిలబడి ఉంది, క్యాంపర్ అంటారు దాన్ని, పికప్ బండి వెనక బాడీలోకి దించి నాలుగు మూలలా బిగిస్తే ఇల్లు వీపున వేసుకున్న నత్తలాగా ఎక్కడికైనా పోవచ్చు, లోపల మంచం, పొయ్యి, చేతులు కడుక్కోవడానికి తొట్టి, చిన్న కిటికీ, కిటికీకి మా ఆవిడ కుట్టిన తెర, దాన్ని కొని ఏడాదిన్నరయింది, కొన్న రోజున, ఇంటికి తాళం వేసి ఒక సంవత్సరం రోడ్డు మీద పడదామండీ, మీరు మళ్ళీ మనిషవుతారేమో చూద్దాం, అంది, ఇలాగే ఈ ఇంట్లో ఇంకో ఏడాదంటే నావల్ల కాదు అని కూడా అంది, కోపంగా కాదు, దుప్పటి మడత పెడుతూ, రెండో కొస నాకందిస్తూ, అందుకే బండి, బండి దొరికితే ఇద్దరం వెళ్తాం, దొరక్కపోతే ఆమె వల్ల కానిదేదో జరుగుతుంది, అదేమిటో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు, భయపడాల్సిన మాటే అది, ఆ సంగతి తెలుసు, అయినా పదకొండు బండ్లకు పదకొండు వంకలు పెట్టాను, ఒకదానికి చాసీ మీద అతుకు, ఒకదానికి మీటరు తిప్పేసిన అనుమానం, ఒకదాంట్లో ఏదో వాసన, ఒకదాని హారన్ బాగాలేదు, హారన్ మార్చుకోవచ్చు కదండీ అంది ఆ రోజు, మార్చుకోవచ్చు అన్నాను, అన్నాను గానీ బండి వద్దని చెప్పి వచ్చేశాను, ఈ బండికి మధ్యాహ్నం లోపల ఔనో కాదో చెప్పాలి, పన్నెండింటికి కూరగాయల వ్యాపారి ఒకతను వస్తాడట, అతను సుత్తులూ గిత్తులూ ఏమీ తీసుకురాడని మేస్త్రీ నవ్వుతూనే చెప్పాడు.

వెనక చక్రాల మీద బరువు ఆనే కమాను పట్టీలు లెక్కపెట్టాను, ఒక్కో పక్క కంపెనీ ఇచ్చేవి ఐదు, ఇక్కడ ఆరున్నాయి, ఆరోది ఎవరు వేశారు మేస్త్రీ అన్నాను, అతను కాస్త నీళ్ళు నమిలి, టైల్స్ పెట్టెలు ఎక్కిస్తే వెనక కుంగుతోందని నేనే వేయించాను సార్, ఇప్పుడు ఎంతేసినా దిగదు, అన్నాడు, అందరూ ఇక్కడే పొరబడతారు, పట్టీ పెంచితే బండి కుంగకుండా ఉంటుంది గానీ మోసే బలం పెరగదు, ఇరుసు అదే, బ్రేకులు అవే, టైర్లు అవే, కుంగడం మానేసిన బండి ఇంకా ప్రమాదం, మోయలేకపోతున్నానని చెప్పడం మానేస్తుంది, పైకి నిటారుగా నిలబడే ఉంటుంది, ఒకనాడు ఉన్నట్టుండి ఇరుసు విరుగుతుంది, అందుకని ఆ పట్టీని నమ్మకుండా డ్రైవరు తలుపు తెరిచి చట్రం మీద అంటించిన రేకు చదివాను, మరకలు పడింది, ఉమ్ముతో తడిపి రుద్దితే కనబడింది, మొత్తం బరువు రెండు వేల తొమ్మిది వందల యాభై కిలోలు, ఇదొక్కటే నిజం, మిగతావి కబుర్లు, బండీ, బండిలో మనుషులూ, వెనక గదీ, గదిలో చెంచాతో సహా అన్నీ కలిపి ఈ అంకె దాటకూడదు, టైర్ల పక్కన అచ్చేసిన అంకెలు కూడా దీనికి సరిపోయాయి, తయారై మూడేళ్ళు కాలేదు, పగుళ్ళు లేవు, నూనె పుల్ల తీసి చూస్తే నూనె నల్లగానే ఉంది గానీ పాలు కలిసినట్టు లేదు, అంటే ఇంజనులోకి నీళ్ళు దిగలేదు, మేస్త్రీ స్టార్ట్ చేస్తే ఒక్క తిప్పుకే అందుకుంది, పొగ లేదు, వంక దొరకడం లేదు, వంక దొరక్కపోతే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియడం లేదు.

ఇరవై ఆరేళ్ళు నేను చేసిన పనిలో చేతులకు ఎప్పుడూ పనుండేది, వేబ్రిడ్జి పక్కన గాజు కిటికీ గదిలో కూర్చుని లారీ కాటా ఎక్కగానే అంకె చూసి చీటీ కొట్టి ఇవ్వడం, లోపల ఏముందో నాకు అనవసరం, ఎంతుందో చాలు, కొత్తలో పెద్ద గుమాస్తా నేర్పిన మొదటి పాఠం అదే, సరుకు వంక చూడకురా, చూస్తే ఆలోచిస్తావు, ఆలోచిస్తే లైను కదలదు, అంకె చూడు, కొట్టు, పంపించెయ్, నేను మంచి శిష్యుణ్ణి, రోజుకు రెండొందల లారీలు పంపేవాణ్ణి, మా ఆవిడదీ తూకం బతుకే, పెద్ద లాండ్రీలో బట్టలు కిలోల లెక్కన తీసుకునే కౌంటరు ఆమెది, కానీ ఆమె పద్ధతి వేరు, జేబులు తడమకుండా ఏ మూటనూ కాటా మీద పెట్టదు, ఎవరి కోటులో ఏ మాత్రల చీటీ ఉందో, ఎవరి ప్యాంటు జేబులో నలిపేసిన ఉత్తరం ఉందో ఆమెకు తెలుసు, ఒకసారి పిల్లాడి పాల పన్ను దొరికితే కాగితంలో చుట్టి పేరు రాసి దాచిపెట్టింది, వాళ్ళమ్మ వెతుక్కుంటూ వస్తుందండీ అంది, వచ్చింది కూడా.

బుడ్డోడు వచ్చిన రోజు కూడా నేను అంకే చూశాను, ఆరడుగుల మనిషిని, నా తమ్ముణ్ణి, ఇంట్లో అందరం బుడ్డోడనే పిలిచేవాళ్ళం, లారీ వాడిది కాదు, నడిపేవాడంతే, నా కాటా మీదికి వచ్చినప్పుడల్లా హారన్ రెండుసార్లు కొట్టేవాడు, ఆ రోజు లారీ ముందు సగం ఖాళీ, ఇంకో చోట ఇంకేదో ఎక్కించుకోవాలి, ఆ సరుకు రద్దయిందని ఫోనొచ్చింది, ఉన్న సరుకంతా వెనకే ఉండిపోయింది, ముందు ఎత్తుగా లేచి వెనక చతికిలబడి ఉంది లారీ, గాజులోంచి నాకు కనబడింది, కనబడింది గానీ అంకె పరిమితి లోపలే ఉంది, చాలా లోపల, అన్నయ్యా, పాసేనా, అని అరిచాడు, పాసే, పో, అన్నాను, వెనక నాలుగు లారీలున్నాయి, కొండ దిగే మలుపులో ముందు చక్రాలకు పట్టు లేక స్టీరింగు మాట వినలేదట, విచారణలో నా చీటీ చూశారు, తూకం సరిగ్గానే ఉంది, మీ తప్పేం లేదన్నారు, నేనూ అదే అన్నాను, ఏడవలేదు, మర్నాడు డ్యూటీకి వెళ్ళాను, ఆ తర్వాత ఏడాదికి అక్కడ మనిషి అక్కర్లేని మిషను పెట్టి నన్ను ఇంటికి పంపితే దానికీ ఏమీ అనిపించలేదు, మా ఆవిడ ఏదో అంటుంది, అలాగే అంటాను, ఇంకేదో అంటుంది, అలాగే అంటాను, టీ వేడిగా ఉందా చల్లారిందా అని ఆమె అడిగితే కప్పు వంక చూసి చెప్తాను.

అందుకే ఇప్పుడు టేపు తీశాను, ఎంత అన్నది ఒక్కటే చాలదు, ఎక్కడ అన్నది కూడా కావాలి, వెనక బాడీలో క్యాబిన్ గోడ నుంచి వెనక ఇరుసు నడిమి దాకా కొలవాలి, మేస్త్రీ, ఆ కొస పట్టుకోండి, అన్నాను, నూట ముప్ఫై సెంటీమీటర్లు, గది బరువు సరిగ్గా ఎక్కడ నిలుస్తుందో ఇంటి దగ్గర ముందే చూసి గుర్తు పెట్టాం, కింద గుండ్రటి పైపు పెట్టి, ఇటు నేను, అటు మా ఆవిడ, అంగుళం అంగుళం జరుపుతూ, రెండు పక్కలా తేలే చోటు దొరికినప్పుడు ఆమె అదిగో అదిగో అని చప్పట్లు కొట్టింది, అక్కడ ఎర్ర గీత గీశాం, గది ముందు గోడ నుంచి నూట ఇరవై రెండు, అంటే ఇరుసుకు ఎనిమిది సెంటీమీటర్లు ముందు పడుతుంది బరువు, ముందే పడాలి, వెనక పడితే ముందు చక్రాలు తేలిపోతాయి, ఎనిమిది, చాలు, మళ్ళీ కొలిచాను, ఎనిమిదే, సార్, మీరు బండి కొంటున్నారా, ఆపరేషన్ చేస్తున్నారా, అన్నాడు మేస్త్రీ, వెనకనుంచి వాళ్ళమ్మ, పోనీలేరా, మీ నాన్న కూడా ఇలాగే కొలిచేవాడు, కొలిచి కొలిచి ఇంటికి కిటికీ పెట్టడం మర్చిపోయాడు, అంది, ఇంటి వంక చూశాను, నిజమే, వీధి వైపు కిటికీ లేదు, ఈసారి నవ్వు వస్తున్నట్టే ఉండి ఆగిపోయింది, ఇక మిగిలింది తూకం ఒక్కటే, కాటా మీద పెట్టి చూడాలి మేస్త్రీ, అన్నాను, పదండి, ఎలాగూ ఈ పూట నాకు పని లేదుగా, అని అతను పక్క సీట్లో కూర్చున్నాడు, నేను నడిపాను.

క్లచ్ కొంచెం పైన పట్టుకుంటోంది, ఇంకో ఏడాది వస్తుంది, బ్రేకు నొక్కితే ఏ పక్కకీ లాగడం లేదు, గతుకులో దింపితే వెనక ఆ ఆరో పట్టీ గట్టిగా కొడుతోంది, గది ఎక్కితే మెత్తబడుతుంది, దారిలో ట్యాంకు నింపించి వేబ్రిడ్జికి తెచ్చాను, నేను పనిచేసింది కాదు, ఇంకొకటి, గదిలో కూర్చున్నది ఒక అమ్మాయి, ఖాళీ బండి చూడాలమ్మా, ముందు మొత్తం, తర్వాత ముందు చక్రాలు విడిగా, వెనకవి విడిగా, అన్నాను, అయితే ఇద్దరూ దిగాలంకుల్, మనిషితో కలిపి కొడితే ఖాళీ ఎలా అవుతుంది, అంది, ఎన్ని వేలమందికి చెప్పి ఉంటాను ఆ మాట, దిగాను, పదిహేడు వందల తొంభై, ముందు వెయ్యిన్ని పది, వెనక ఏడు వందల ఎనభై, కాటా పది కిలోల మెట్టు మీద నడుస్తుంది కాబట్టి అటూ ఇటూ పది వదిలెయ్యాలి, చీటీ తీసుకుని బండిని పక్కన నీడలో పెట్టాను, మేస్త్రీ కూరగాయలతనితో ఫోను మాట్లాడటానికి గేటు దాకా వెళ్ళాడు, ఒక్కణ్ణే కూర్చుని స్టీరింగు మీద చీటీ పెట్టుకుని దాని వెనక లెక్క వేస్తున్నాను, రెండు వేల తొమ్మిది వందల యాభైలోంచి పదిహేడు వందల తొంభై పోతే పదకొండు వందల అరవై, గది ఆరు వందల తొంభై, మిగిలింది నాలుగు వందల డెబ్బై, నేను డెబ్బై నాలుగు, ఆమె యాభై ఎనిమిది, నీళ్ళు అరవై, గ్యాసు బండ ఇరవై నాలుగు, బ్యాటరీ ఇరవై ఎనిమిది, అన్నీ పోగా రెండు వందల ఇరవై ఆరు, ఇక గదిలో పెట్టే సామాను, దాని జాబితా మా ఆవిడ రాసింది, లాండ్రీ కాటా మీద ఒక్కొక్కటీ తూచి పొడుగాటి పుస్తకంలో వేసింది, మొత్తం నూట తొంభై ఆరు, అంటే ముప్ఫై కిలోలు మిగులుతాయి, ఎనభైకి తక్కువ మిగిలితే కొననని నాకు నేనే పెట్టుకున్న నియమం, యాభై తక్కువ, వంక దొరికింది, దొరకగానే రావాల్సిన తేలిక రాలేదు, యాభై కిలోలంటే ఏముంది, జాబితాలో కొంచెం కోస్తే సరిపోతుంది, అటువంటి కోతలో ఆమెకు చెయ్యి తిరిగింది, ముందు రెండు వందల అరవై ఎనిమిది ఉండేది, ఒక రోజు చూసేసరికి నూట తొంభై ఆరయింది, డెబ్బై రెండు కిలోలు తగ్గించావా, శభాష్, అన్నాను, నేను ఎవర్నీ మెచ్చుకుని చాలా కాలమైంది కాబట్టి సంతోషిస్తుందనుకున్నాను, ఆమె తల పైకెత్తి నా వంక చాలాసేపు చూసి, స్టవ్ కట్టేయడానికి లోపలికి వెళ్ళింది.

ఏది తీసేయాలో చూద్దామని జేబులోంచి పుస్తకం తీశాను, రోజూ తీస్తూనే ఉంటాను, చివరి పేజీ చివరి వరస చూసి మళ్ళీ పెట్టేస్తాను, ఇవాళ మొదటి పేజీ తెరిచాను, దుప్పటి కిలో ఎనిమిది వందలు, ఒకటి, దాని కిందది కొట్టేసి ఉంది, అదీ దుప్పటే, దిండు ఒకటి, దాని కిందది కొట్టివేత, ప్లేటు ఒకటి, గ్లాసు ఒకటి, చెంచా ఒకటి, ఒక్కోదాని కింద ఒక్కో కొట్టివేత, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా, అక్షరాలు చక్కగా కనబడేలా, ఒక్క గీత, మా ఆవిడ పొదుపరి, రెండో ప్లేటు ఎందుకులే, ఒకరు తిన్నాక ఒకరు తింటాం అనుకుందేమో, తువ్వాళ్ళు రెండు, పక్కన చిన్న అక్షరాల్లో, ఒకటి ఉతికినప్పుడు ఒకటి, చొక్కాలు ఆరు, ప్యాంట్లు నాలుగు, స్వెట్టరు, బీపీ మాత్రలు మూడు నెలలకు, రెండో కళ్ళజోడు, బొత్తాం ఊడితే నీలం దారం, ఎడమ చేతి అరలో, సూదికి దారం ముందే ఎక్కించి పెట్టాను, పేజీ తిప్పాను, కుట్టు మిషను పద్నాలుగు కిలోలు, కొట్టివేత, దారిలో ఎక్కడైనా నాలుగు బట్టలు కుట్టుకోవచ్చు అని ఎంత సంబరంగా చెప్పింది, చీరలు ఎనిమిది, కొట్టివేత, శాలువా, కొట్టివేత, చెప్పులు, దువ్వెన, దువ్వెన నలభై గ్రాములు, కొట్టివేత, నలభై గ్రాములు తగ్గించడానికి ఎవరూ దువ్వెన కొట్టేయరు, ఏ పిచ్చివాడూ కొట్టేయడు, మళ్ళీ మొదటికొచ్చాను, ఒక్కో వరస వేలు పెట్టి చదివాను, ఉన్నవన్నీ నావి, కొట్టేసినవన్నీ ఆమెవి, ఇంకో పేజీ ఉందేమో, ఆమె సామాను విడిగా రాసుకుందేమో అని చివరిదాకా తిప్పాను, తెల్ల కాగితాలే ఉన్నాయి.

ఫోను చేశాను, మూడుసార్లు మోగింది, నాలుగుసార్లు మోగింది, అవతల పెద్ద మెషిన్ల హోరు, దాని మీదుగా ఆమె గొంతు, ఏమండీ, బండి ఎలా ఉంది, బాగుంది అన్నాను, చాసీ బాగుంది, ఖాళీ బరువు పదిహేడు తొంభై, రేకు మీద ఇరవై తొమ్మిది యాభై, అని అలవాటు ప్రకారం అప్పజెప్పి, నీ సామానంతా కొట్టేసి ఉందేమిటి అన్నాను, ఇప్పుడు చూశారా, అంది, అందులో ఎత్తిపొడుపు లేదు, అలిసిపోయిన మనిషి కుర్చీలో కూర్చున్నట్టుంది ఆ మాట, హారన్ బాగాలేదన్నారే, ఆ రోజు కొట్టేశానండీ, నోటితో చెబితే అలాగే అంటారని రాసి ఇచ్చాను, ఐదు నెలలు మీ జేబులోనే ఉంది, ఈ పూట చూస్తారు, రేపు చూస్తారు అనుకున్నాను, ఎందుకు అన్నాను, ఎందుకంటే ఏం చెప్పను, మీ పక్కన కూర్చుని మాట్లాడితే గోడతో మాట్లాడినట్టే ఉంది, ఇల్లు పెద్దది కాబట్టి నేను వేరే గదిలోకి వెళ్ళి కూర్చుంటున్నాను, ఆ పెట్టెలో ఎక్కడికి వెళ్ళి కూర్చోను, మీ తమ్ముడు పోయాడు, నాకూ మరిదే కదండీ, నా చేతి అన్నం తిని పెరిగాడు, వాడి గురించి నేను ఏడిస్తే మీరు లేచి వెళ్ళి కుళాయి కట్టేసి వచ్చేవారు, కారుతోందని, అంది, కోపం లేదు మీ మీద, బండి మంచిదైతే తీసుకోండి, మీరొక్కరే వెళ్ళి రండి, మీకు మంచిది, నేను అక్క వాళ్ళింటికి వెళ్తాను, లెక్కలో నన్ను కలపకండి.

అలాగే, అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది, రెండేళ్ళుగా అన్నిటికీ అదే నాలుక చివర కూర్చుని ఉంటుంది, వస్తుంటే పళ్ళు బిగించాను, చేతిలో చీటీ ఉంది, దాని వెనక నా అంకెలు, ఆమె యాభై ఎనిమిది, అది తీసేస్తే ముప్ఫై కాస్తా ఎనభై ఎనిమిది అవుతుంది, నా నియమం కంటే ఎనిమిది ఎక్కువే, బండి దివ్యంగా సరిపోతుంది, ఏ వంకా లేదు, తీసుకోవచ్చు, పెన్ను ఆ అంకె మీద పెట్టాను, పెట్టి, ఈ యాభై ఎనిమిది ఎప్పటిది అనుకున్నాను, నీ బరువెంత ఇప్పుడు, అన్నాను ఫోనులో, ఇప్పుడెందుకండీ అది, చెప్పు, అన్నాను, నా గొంతు ఎలా ఉందో మరి, మొన్న ఇక్కడి కాటా ఎక్కితే యాభై ఒకటుంది, అంది, ఏడు కిలోలు, రోజూ బల్లకు అవతల నా ఎదురుగా కూర్చుని అన్నం కలుపుకుంటూ ఏడు కిలోలు తగ్గిపోయింది, ఒక్క పూటలో కాదు, రెండేళ్ళు పట్టింది, రోజూ కొంచెం కొంచెం తరిగింది, రెండొందల లారీలు చూసిన ఈ కళ్ళ ఎదురుగా, జాకెట్లు పక్కలు కుదించి కుట్టుకుంటుంటే చూశాను, ఎందుకు కుదిస్తున్నావని అడగలేదు, గాజులు మోచేతి దాకా జారుతుంటే చూశాను, పక్కటెముకల కింద నొప్పి మొదలైంది, గుండెపోటేమో అనుకున్నాను గానీ కాదు, ఏడుపు, అది వస్తుంటే ఎంత నొప్పి పుడుతుందో మర్చిపోయాను.

కాటా గది అమ్మాయి కిటికీలోంచి తొంగి చూస్తోంది, మేస్త్రీ గేటు దగ్గర ఫోను చెవికి పెట్టుకునే చేత్తో సైగ చేస్తున్నాడు, ఔనా, కాదా అని, నేను యాభై ఎనిమిది కొట్టేసి పైన యాభై ఒకటి రాశాను, అప్పుడు రెండు వందల ముప్ఫై మూడు మిగులుతుంది, నూట తొంభై ఆరు కూడా కొట్టేసి పాత అంకె రాశాను, రెండు వందల అరవై ఎనిమిది, అందులో రెండు ప్లేట్లున్నాయి, రెండు దిండ్లున్నాయి, కుట్టు మిషనుంది, దువ్వెనుంది, రెండు వందల ముప్ఫై మూడులోంచి అది తీసేస్తే ముప్ఫై ఐదు కిలోలు చాలవు, నియమం కోసం వదలాల్సిన ఎనభై సంగతి దేవుడెరుగు, అసలుకే చాలదు, కళ్ళు తుడుచుకుని ఇంకోసారి వేశాను, అంతే వచ్చింది, ఈ బండి ఒక్కడికి సరిపోయే బండి, నాకు అక్కర్లేదు, ఆమె లేకుండా నాకు ఏ ఊరూ అక్కర్లేదు, పదకొండు బండ్లను ఎందుకు వద్దన్నానో నాకు తెలియదు గానీ దీన్ని ఎందుకు వద్దంటున్నానో తెలుసు, నాకు ఆమె కావాలి, రోడ్డు మీదో, ఇంట్లోనో, ఆమె రానంటే ఆమె ఉన్న చోట గుమ్మంలోనో, ఇంత చిన్న మాట ఇంత ఆలస్యంగా తెలిసింది, ఏమండీ, ఉన్నారా, అంటోంది, ఉన్నాను, అన్నాను, ఆ మాట సగమే బయటికొచ్చింది, ఏమైందండీ, ఏడుస్తున్నారా, అంది, బండి చాలదు, అన్నాను, బాగుందన్నారుగా, ఎంత తక్కువ, అంది, ముప్ఫై ఐదు కిలోలు, అన్నాను, ఆమె లెక్కల్లో నాకంటే చురుకు, నేను రోజూ అప్పజెప్పే అంకెలన్నీ ఆమెకు కంఠతా వచ్చు, ఎవరెవర్ని కలిపితే, ఏ జాబితా కలిపితే ముప్ఫై ఐదు తక్కువవుతుందో ఈపాటికి వేసుకునే ఉంటుంది, అవతల మెషిన్లు తిరుగుతూనే ఉన్నాయి, ఆమె ఫోను పెట్టేయలేదు.